పలికే కొలువు - పలకని పేర్లు



సంక్రాంతి వెళ్ళిన వారానికి మా తమ్ముడి కూతురు ఫోను చేసింది. ఆ పిల్ల ఒక డిజైను కళాశాలలో రెండవ సంవత్సరం చదువుతోంది. "పెదనాన్నా, రెండు సందేహాలు. ఒకటి భాషకు సంబంధించినది, అది నువ్వే తీర్చాలి. రెండోది నీ సబ్జెక్టు కాదు గానీ అడుగుతాను" అన్నది. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి సందేహం అడిగేవారుండడమే అదృష్టం. రెండూ అడగమన్నాను.

విషయమేమిటంటే, వాళ్ళు అయిదుగురు కలిసి ఏడాది చివర చూపవలసిన ఒక కళాకృతిని నిర్మిస్తున్నారు. పెద్ద కఱ్ఱ చట్రం, దానికి వ్రేలాడే ఏటికొప్పాక లక్క బొంగరాలు. చూడవచ్చినవారు ఒక బొంగరాన్ని త్రిప్పితే ఒక ముసలమ్మ గొంతు వినిపించి తమ ఊరికి ఆ పేరెలా వచ్చిందో చెబుతుంది. ఇంకొకటి త్రిప్పితే ఇంకొక ఊరు, ఇంకొక గొంతు. రెండు ఒక్కసారి త్రిప్పితే ఇద్దరవ్వలూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారట. (ఇందులో కల్పన ఏముంది, మా వీధి అరుగు మీద రోజూ జరిగేదే కదా అన్నాను. నవ్వింది.) దీనిని వాళ్ళ పాఠ్యభాషలో 'ఇంటరాక్టివ్ ఇన్‌స్టలేషన్' అంటారు. తెలుగులో ఏమనాలి? ఇది మొదటి సందేహం.

రెండవది: బోర్డు మీద అయిదుగురి పేర్లు ఏ వరుసలో వేయాలి? ఊహ ఒకరిది, తీగలు కలిపినది ఒకరు, అవ్వల వెంట ఊరూరా తిరిగి గొంతులు పట్టి తెచ్చినది ఒకరు, చట్రం చేసినది ఒకరు. అయిదవవాడు నెల రోజులు ఏమీ చేయలేదు గానీ, చట్రం కూలబోయిన రాత్రి ఒక్కడే దాన్ని పట్టుకొని నిలబెట్టాడట. ఇప్పుడు పేర్ల దగ్గఱ మాటలు పెరిగి ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు.

మొదటి సందేహానికి అక్కడికక్కడే జవాబు చెప్పాను. 'పరస్పర చర్యాత్మక ప్రతిష్ఠాపన' వంటి మాట పుట్టించడం నాకు చేతకాని పని కాదు. కాని అది నోరు తిరిగేలోపల బొంగరం ఆగిపోతుంది. ఇన్‌స్టలేషన్ అంటే ఏమిటి? ఒక చోట కొన్ని వస్తువులను ఒక భావంతో అమర్చి, నలుగురినీ పిలిచి చూపడం. అది మన ఇండ్లలో మెట్లు కట్టి తెల్లబట్ట పఱచి ఏటేటా జరిపే బొమ్మల కొలువు కాక మఱేమిటి? పిల్లలంతా చేఱి కట్టేదే అది కూడా. కాబట్టి 'కొలువు' అన్నాను. తాకితే బదులు పలుకుతుంది కనుక 'పలికే కొలువు'.

చూచేవాడు చేయి పెడితే తప్ప పూర్తికాని కళ మనకు క్రొత్త కాదని కూడా చెప్పాను. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులుంటారు. నిషిద్ధాక్షరి అడిగే ఆయన అవధాని ఒక అక్షరం పలకగానే, తరువాత ఏది వస్తుందో ఊహించి దానిని నిషేధిస్తాడు. అవధాని దారి మళ్ళిస్తాడు. ఆయన మళ్ళీ అడ్డుపడతాడు. ఆ పద్యం రూపు దాల్చడంలో అడ్డుపడినవాని పాలు సగముంటుంది. మఱునాడు పత్రికలో పద్యం వస్తుంది, క్రింద అవధాని పేరుంటుంది. పృచ్ఛకుని పేరు ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. ఈ మాట అన్నాక నాకే తట్టింది, ఆ పిల్ల రెండవ సందేహం మొదటిదానికి దూరమైనది కాదని. "రెండోదానికి వారం గడువియ్యి" అని ఫోను పెట్టేశాను. ఆ వారంలో చదివినదీ, తలచుకొన్నదీ ఈ టపా.

యంత్రాలతో చేసే పలికే కొలువుల చరిత్రలో 1966 అక్టోబరు ఒక మైలురాయి. న్యూయార్కులోని ఒక సైనిక దళం ఆయుధశాలలో 'నైన్ ఈవెనింగ్స్' పేర ప్రదర్శనలు జరిగాయి. బెల్ ప్రయోగశాల ఇంజనీరు బిల్లీ క్లూవర్, చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ దానికి సూత్రధారులు. పదిమంది కళాకారులకు సుమారు ముప్పదిమంది ఇంజనీర్లు తోడయ్యారు. అయితే అక్కడ ఆడినవారు వేఱు, కూర్చుండి చూచినవారు వేఱు. విద్యార్థి దశలో ఉన్నవారు చేయి వేసి, చూడవచ్చినవారి అడుగుల మీదనే నడిచేలా నిర్మించిన కొలువు కోసం నేను వెదకితే దొరికినది 1969 నాటిది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోది. దాని పేరు 'గ్లోఫ్లో'.

అప్పటికి మైరన్ క్రూగర్ ఆ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం చదువుతున్న పరిశోధక విద్యార్థి. డాన్ శాండిన్, జెర్రీ ఎర్డ్‌మన్, రిచర్డ్ వెనెజ్కీ అనే మఱి ముగ్గురితో కలిసి ఒక చీకటి గదిని సిద్ధం చేశారు. గోడల వెంట పారదర్శకమైన గొట్టాలు, వాటిలో మినుకుమినుకుమనే రంగుల ద్రవం, నేలలో ఒత్తిడిని పసిగట్టే పలకలు, వెనుక ఒక మినీ కంప్యూటరు, ధ్వనులకు ఒక సింథసైజరు. లోపలికి వచ్చినవారు పలక మీద అడుగు పెడితే ఎక్కడో ఒక గొట్టం వెలుగుతుంది, ఎక్కడినుండో ఒక ధ్వని వస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉన్నది. గది ప్రశాంతంగా, ధ్యానానికి అనువుగా ఉండాలని నిర్మాతల కోరిక. అడుగు వేయగానే దీపం వెలిగితే జనం గెంతులు వేస్తారని భయపడి, అడుగుకూ వెలుగుకూ మధ్య కావాలనే కొంత ఆలస్యం పెట్టారు. ఫలితం? వెలిగించినది తామేనని చాలామందికి తెలియలేదు. మఱికొందరు తాము చేయని వాటికి కూడా తామే కారణమనుకొన్నారు. ముక్కుమొగం తెలియనివారు గుంపులై చప్పట్లు కొట్టారు, రాగాలు తీశారు, క్రొత్తగా లోపలికి వచ్చినవారిని పలకరించారు. క్రూగర్ దీనినుండి తీసికొన్న పాఠం ఇది: గది తన మాట వింటున్నదని వచ్చినవానికి స్పష్టంగా తెలియాలి, ఆ సంభాషణే అసలు కళ, తక్కిన సొగసులు తరువాత. మఱు సంవత్సరం 1970లో చేసిన 'మెటాప్లే' మొదలు ఆయన పనంతా ఆ త్రోవలోనే సాగింది. నేడు మనం చేయి ఊపితే బదులిచ్చే తెరలకు పూర్వరూపాలలో అవి కొన్ని.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాను. ఎందుకో చెప్పాలంటే చీడికాడకు రావాలి.

మా మండలంలో కోనాం వద్ద బొడ్డేరు మీద జలాశయం ఉన్నది. నీటితోపాటు నీటి తగవులూ దాని కాలువల వెంట పారుతూ ఉంటాయి. ఎగువనున్నవాడు తూము (మా వైపు మదుము అంటాం) పూర్తిగా ఎత్తితే శివారు భూమికి తడి అందదు. 1998లో నేను పనిచేస్తున్న బడిలో తొమ్మిదవ తరగతి పిల్లలు పదకొండుమంది కలిసి వైజ్ఞానిక ప్రదర్శనకు ఒక నమూనా చేశారు. సైన్సు మాస్టారు సెలవులో ఉండడంచేత ఆ బాధ్యత తెలుగు మాస్టారినైన నా నెత్తిన పడింది. నాకు విద్యుత్తు గుఱించి తెలిసినదల్లా స్విచ్చి ఎటు నొక్కితే దీపం ఆరుతుందో అంతే. అందుచేత అంతా పిల్లలే చేశారు.

బల్ల మీద మట్టితో మూడు పొలాలు, మూడు తాటాకు గుడిసెలు. పైన ఒక నీళ్ళ డబ్బా. సెలైను గొట్టాలే కాలువలు. మూడు మదుములకు మూడు పుల్లలు. వచ్చినవారు తమ ఇష్టం వచ్చినంత ఎత్తవచ్చును. మడిలో నీరు నిండితే అందులోని జీలుగు బెండు తేలి, రెండు రాగి తీగలను కలుపుతుంది. అప్పుడు ఆ గుడిసెలో టార్చిలైటు బల్బు వెలుగుతుంది. డబ్బాలో నీరు మూడు మడులకూ సరిగ్గా సరిపోయేంతే ఉంటుంది. ఆశపడి మొదటి మదుము పూర్తిగా ఎత్తితే గట్టు తెగి నీరు పొర్లిపోతుంది, చివరి గుడిసె చీకటిగానే ఉంటుంది. ఆ చివరి గుడిసె ఊహ ఒక శివారు గ్రామం నుండి వచ్చే ఆడపిల్లది. మొదట అందరూ రెండు పొలాలు చాలన్నారు. "రెండయితే మా ఊరెక్కడుంటుంది?" అని ఆ పిల్ల అడిగింది. బెండు ఉపాయం ఒక వడ్రంగి కొడుకుది. మాట తక్కువ, చేయి చురుకు.

ప్రదర్శన నాడు తీర్పరులలో ఒక పెద్దాయన వచ్చి మొదటి పుల్లను ఒక్క ఊపున పైకి లాగారు. మొదటి గుడిసె వెలిగింది. రెండవది మిణుకుమన్నది. మూడవది వెలగలేదు. ఆయన ఒక నిమిషం నిలబడి చూచి, "మూడోది పనిచెయ్యటం లేదు" అని కాగితం మీద ఏదో వ్రాసికొన్నారు. వడ్రంగి కొడుకు, ఏడాదిలో నాలుగు మాటలు మాట్లాడనివాడు, "పనిచేస్తోందండి. నీళ్ళు మీరే ఆపేశారు" అన్నాడు. ఆయన వినలేదో, విననట్లున్నారో, పక్క బల్లకు వెళ్ళిపోయారు.

గ్లోఫ్లో గదిలో జరిగినదీ, మా బల్ల దగ్గఱ జరిగినదీ ఒకటే. తన చేయి చేసిన పనిని చూచేవాడు గుర్తించలేదు. అక్కడ ఆలస్యం దానిని కప్పింది, ఇక్కడ హోదా కప్పింది.

కాని నేను చెప్పదలచినది ఆయన తప్పు కాదు, నాది. దరఖాస్తు కాగితంలో 'విద్యార్థి పేరు' అని ఒకే గడి ఉండేది. పదకొండు పేర్లు పట్టవు. నేను ఆలోచించకుండా, చక్కగా మాట్లాడగలడు కదా అని, నమూనాను వివరించే కుఱ్ఱవాని పేరొక్కటి వ్రాశాను. ప్రోత్సాహక బహుమతి వచ్చింది. ప్రార్థన సమయంలో పిలిచినప్పుడు ఆ కుఱ్ఱవాడొక్కడే ముందుకు నడిచాడు. అతడు మంచివాడే, వెనక్కి తిరిగి తక్కిన పదిమందినీ చూచాడు. నేను చేయి ఊపి, పైకి వెళ్ళమన్నాను. వెనుక మఱొక కాగితం జోడించవచ్చునన్న ఊహ నాకు రాలేదు. ఛందస్సులో గణం తప్పితే నిద్రపట్టని మనిషిని, పదిమంది తప్పితే హాయిగా నిద్రపోయాను.

మఱి లోకంలో ఇటువంటి చోట్ల ఏమి చేశారు? ఇదే ఈ వారం నేను వెదకినది.

శాంతినికేతనంలో 1919లో మొదలైన కళాభవనానికి నందలాల్ బోస్ పెద్దదిక్కు. అక్కడ 'కాలో బాడి', అంటే నల్ల ఇల్లు, అనే విద్యార్థి వసతిగృహం ఉన్నది. 1930ల మధ్యకాలంలో విద్యార్థులూ గురువులూ కలిసి కట్టిన మట్టి ఇల్లది. వానకు కరగకుండా తారు పూశారు, అందుకే ఆ నలుపు. గోడలనిండా ఉబ్బెత్తు శిల్పాలు: భార్హుతు నమూనాలు, సింధు ముద్రికలు, ఈజిప్టు, అస్సిరియా రూపాలు. రామ్‌కింకర్ బైజ్ వంటి మహాశిల్పి చేయి పడిన గోడ మీదనే పిల్లల చేతులూ పడ్డాయి. నందలాల్ గారి పర్యవేక్షణ అని చెబుతారే గాని, ఆ ఇల్లు ఏ ఒక్కరిదీ అనరు. మట్టి గోడ గనుక మరమ్మతు చేస్తూనే ఉండాలి. వెనుక వచ్చిన విద్యార్థులు ముందువారి శిల్పానికి మట్టి మెత్తుతారు. సంతకం పెట్టినా నిలిచేది కాదేమో!

అదే ప్రాంగణంలో 1946-47లో వినోద్‌బిహారీ ముఖర్జీ హిందీ భవనం గోడల మీద మధ్యయుగ భక్తకవుల చిత్రాన్ని రచించారు. తడి సున్నం ఆరేలోపల వేయవలసిన పని, ఒక్కరి వల్ల కాదు. విద్యార్థులు తోడు నిలిచారు. ఆ తోడు నిలిచినవారిలో ఒకరు కె.జి. సుబ్రహ్మణ్యన్. కృతి వినోద్‌బిహారీదే, అందులో సందేహం లేదు. కాని సహాయకుల పేర్లు కూడా చరిత్రలో చేఱాయి.

ఈ సుబ్రహ్మణ్యన్ తరువాత బరోడా విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయుడయ్యారు. 1960ల తొలినాళ్ళ నుండి అక్కడి లలితకళా విభాగంలో 'ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్' పేర సంతలు జరిగాయి. గురువులూ శిష్యులూ కలిసి బొమ్మలు, ఆటవస్తువులు చేసి సామాన్య జనానికి చవకగా అమ్మేవారు. సుబ్రహ్మణ్యన్ స్వయంగా కఱ్ఱతో, తోలుతో, పూసలతో బొమ్మలు చేశారు. వచ్చినవాడు చేత పట్టుకొని కదిపి చూచి కొనుక్కొనే కళ అది. గాజు పెట్టెలో పెట్టి 'ముట్టరాదు' అని వ్రాసేది కాదు. మన మెదకు సీమలోని నిజాంపూరులో పుట్టిన లక్ష్మాగౌడు గారు 1963 నుండి 1965 వరకు బరోడాలో ఈ గురువు దగ్గఱ చదివినవారే. శాంతినికేతనంలోనూ 1973 నుండి నందలాల్ గారి పుట్టినరోజుకు ముందు, డిసెంబరు 1, 2 తేదీలలో, నందన్ మేళా జరుగుతున్నది. ప్రాంగణమంతా విద్యార్థులు కట్టిన కొలువులే. వచ్చిన డబ్బు ఆపదలో ఉన్న విద్యార్థుల సహాయనిధికి. అక్కడ పేరు అడిగేవారుండరు, ధర అడుగుతారు.

అయితే పేరు లేకపోవడమే గొప్ప అని నేను అనలేను. ఆ మాట ఎప్పుడూ పేరున్నవాళ్ళే అంటారు. పేరు పోయినవాని మాట వినాలంటే ఇటలీ వెళ్ళాలి. అక్కడి ఇవ్రియా అనే ఊళ్ళోని డిజైను సంస్థలో హెర్నాండో బర్రగాన్ అనే కొలంబియా విద్యార్థి, 2003లో తన పట్టా కోసం 'వైరింగ్' అనే సాధనాన్ని రూపొందించాడు. ఇంజనీర్లు కాని కళాకారులు కూడా సులువుగా దీపాలనూ మోటార్లనూ పలికించాలన్నది దాని ఉద్దేశం. 2005లో అదే ఊళ్ళో, ఆయన పరిశోధనకు మార్గదర్శకులలో ఒకరైన మాస్సిమో బాంజీ మఱికొందరితో కలిసి, దాని ఆధారంగా 'ఆర్డువినో' అనే చవక పలకను తెచ్చారు. ఊళ్ళో వారు కూర్చునే పానశాల పేరే దానికి పెట్టారు. నేడు లోకంలో విద్యార్థులు కట్టే పలికే కొలువులలో ఎన్నింటికో ప్రాణవాయువు అదే. 2016 తరువాత మన బడులలో వెలసిన అటల్ టింకరింగ్ ల్యాబులలోనూ ఆ నీలి పలక కనబడుతుంది. మా అమ్మాయి బొంగరాల వెనుక ఉన్నదీ అదే. తన పని పాలు సరిగా చెప్పలేదని బర్రగాన్ 2016లో తన వైపు చరిత్రను సుదీర్ఘంగా వ్రాసి ప్రకటించారు. ఎవరి వాదం ఎంతవరకు న్యాయమో తేల్చడం నా పని కాదు. పానశాల పేరు లోకమంతా తెలిసింది, విద్యార్థి పేరు వెదకితే గాని దొరకదు.

మన సాహిత్యంలో ఈ తగవు ఎంత పాతదో చూడండి. భాస్కర రామాయణం నలుగురు కలిసి చేసినది. హుళక్కి భాస్కరుడు, కొడుకు మల్లికార్జునభట్టు, శిష్యుడు కుమార రుద్రదేవుడు, మిత్రుడు అయ్యలార్యుడు. కొడుకు వ్రాసినవి మూడు కాండలు: బాల, కిష్కింధ, సుందర. శిష్యునిది అయోధ్య. భాస్కరునిది అరణ్యకాండ, యుద్ధకాండలో కొంత. మిగిలిన యుద్ధకాండ మిత్రుడు పూర్తి చేశాడు. లెక్క చూస్తే కొడుకుదే పెద్ద పాలు. పేరు మాత్రం భాస్కర రామాయణం. విద్వాన్ పరీక్షకు దీన్ని కంఠస్థం చేశాను, నలభై ఏండ్లు పాఠం చెప్పాను. అయ్యలార్యుడు ఆ బొమ్మ చివరి తీగ కలిపినప్పుడు ఏమనుకొన్నాడో అని ఒక్కనాడూ ఆలోచించలేదు.

దీనికి ఎదురుగా తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1920లో పోయారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1950 వరకు జీవించారు. ఆ ముప్పది ఏండ్లలోనూ తాము ఒక్కరే వ్రాసిన వాటికి సైతం జంట పేరునే ఉంచారు. ఏ పద్యం ఎవరిదని అడిగినవారికి జవాబు అందులోనే ఉన్నది. లేనివాని పేరు ముందు, ఉన్నవాని పేరు వెనుక.

వారం గడువు తీరింది. మా అమ్మాయికి ఫోను చేసి చెప్పాను: పేర్లను వరుసలో వేస్తే ఎవరో ఒకరు మొదట ఉండక తప్పదు, బొంగరం చుట్టూ గుండ్రంగా వ్రాయండి, త్రిప్పితే ఎవరు మొదటో తెలియదు, పేరు పక్కన చేసిన పని వ్రాయండి, చట్రం పట్టుకొన్నవానికి 'పట్టుకొన్నాడు' అనే వ్రాయండి. గొంతులిచ్చిన అవ్వల పేర్లు ఏవని అడిగాను. అటువైపు కాసేపు మాట లేదు. "వ్రాసుకోలేదు పెదనాన్నా. ఊరి పేర్లే వ్రాసుకొన్నాం" అన్నది. మళ్ళీ ఆ ఊళ్ళు తిరగవలసి వచ్చింది వాళ్ళకు. మాట్లాడుకోవడం మానేసిన ఇద్దరూ ఒకే మోటారు సైకిలు మీద వెళ్ళారట.

ఆ పిల్లలకు సలహా ఇచ్చాక నా బాకీ గుర్తుకు వచ్చింది. మా వడ్రంగి కొడుకు ఇప్పుడు చోడవరంలో మోటార్ల వైండింగు పని చేస్తున్నాడు. మొన్న వెళ్ళి కలిశాను. లేచి కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. 1998 సంగతి ఎత్తితే, "ఆ బెండు ఉపాయం మీదే సార్, ఇప్పటికీ ట్యాంకులకి అలాగే పెడతన్నాను" అని నవ్వాడు. దరఖాస్తు సంగతి నేనే చెప్పాను. అతడు చుట్టుతున్న రాగి తీగ ఆపలేదు. "అప్పుడు కోపమొచ్చింది సార్" అన్నాడు, అంతే.

ఇద్దరం కూర్చుండి ఆ పదకొండుమంది పేర్లు ఒక కాగితం మీద వ్రాయబోయాం. పది వచ్చాయి. పదకొండవది రాలేదు. చివరి గుడిసె అడిగిన పిల్ల. ఇంటి పేరు అతడికి గుర్తున్నది, ఊరు నాకు గుర్తున్నది, మాటాడిన మాట ఇద్దరికీ గుర్తున్నది. ఆ పిల్ల మఱుసటి ఏడాది బడికి రాలేదు. టీ చల్లారేదాకా ఆలోచించినా పేరు తట్టలేదు.

సోమవారం బడి తెఱవగానే వెళ్ళి, ఆ సంవత్సరపు అడ్మిషను రిజిస్టరు చూపించమని అడుగుతాను.